జీపు ఛేజింగ్ కోసం వెళ్ళి... తాబేలుకి దారిచ్చి వచ్చాం!

సినిమాల్లో సముద్రం మహా బుద్ధిమంతురాలు. హీరో చెయ్యి చాపితే కెరటం వస్తుంది, హీరోయిన్ నవ్వితే వెనక్కి పోతుంది. చీర తడుస్తుంది గాని ఇసుక అంటదు. ఫ్రేములో బఠాణీలమ్మే కుర్రాడు కనిపించడు, గాలిపటం ఎగరెయ్యడు, ఎవరూ సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని నిలబడరు. అలాంటి సముద్రం ఎక్కడుందో వెతికి పెట్టమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? నన్ను అడిగారు!

అడిగినవాడు పరాయివాడు కాడు. నెల్లిమర్లలో ఇద్దరం జూట్ మిల్లు సైరనుకి నిద్రలేచి, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. వాడు హైదరాబాదు కృష్ణానగర్ చేరి ఆరేళ్ళయింది. క్లాప్ కొట్టి, కంటిన్యుటీ రాసి, అందరి చేతా తిట్లు తిని, ఇన్నాళ్ళకి ఒక చిన్న పిక్చరుకి కో-డైరెక్టరయ్యాడు. పేరు రాయొద్దన్నాడు. "పిక్చరు రిలీజయ్యాక రాద్దువులే" అన్నాడు. కాబట్టి ఈ కథలో వాడు "మావాడు".

పోయిన ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోను.

"ఒరే, ఏటి సేస్తన్నావు? రెండ్రోజులు సెలవెట్టు. బీచి కావాల."

"బీచికేటిరా కరువు? భీమిలి లేదా?"

"భీమిలిలో జనం లేని ఫ్రేము ఎక్కడుందో సూపించు, నీ కాళ్ళకి దండవెడతాను!"

వాడి మాట కాదనలేం. 1978లో బాలచందర్ గారు "మరో చరిత్ర" తీసినప్పుడు విశాఖ, భీమిలి తీరాలు ఆ కథలో కమల్‌హాసన్, సరితలతో పాటు మూడో పాత్రగా నటించాయి. నలుపు తెలుపుల్లో తీసిన ఆ సముద్రాన్ని చూడటానికి మద్రాసు జనం తెలుగు రాకపోయినా ఏడాదికి పైగా టిక్కెట్లు కొన్నారు. 1981లో అదే కథ హిందీలో "ఏక్ దూజే కేలియే" అయి దేశమంతా తిరిగింది. అప్పట్నించీ ప్రేమించుకున్న ప్రతి జంటా భీమిలి వెళ్ళి ఫోటో దిగాల్సిందే. ఇక ఏకాంతం ఎక్కడుంటుంది?

మా నెల్లిమర్లకి సముద్రం లేదు గాని చంపావతి వుంది. మా ఊరిని ఒరుసుకుంటూ పోయి, కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఊరి మీద అభిమానం కొద్దీ, "అక్కడికే పోదాం, జీపులో గంట పట్టదు" అన్నాను. పైగా ఆ పక్కనే భోగాపురంలో 2023 మే 3న విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. ఆ తీరం ఇంకెన్నాళ్ళు ఇలా ప్రశాంతంగా వుంటుందో ఎవరు చెప్పగలరు? తీసేదేదో ఇప్పుడే తియ్యాలి గదా!

మావాడు ఒప్పుకోలేదు. కథలో హీరో జీపుతో సహా ఏరు దాటాలట. విలన్ల జీపు వెనకాల రావాలట. దాటాక ఖాళీ ఇసుక మీద మూడు నిమిషాల ఛేజింగ్. "జీపెక్కే పడవ కావాల. పడవ దిగితే దీవి కావాల. దీవి సివర సముద్రం కావాల. బడ్జెట్టు మాత్రం లేదు" అన్నాడు. అది దొరక్కపోతే సీను గోవాకి పోతుందట, లొకేషన్ చూసిన క్రెడిట్టు మరొకడికి పోతుందట. ఆరేళ్ళకి వచ్చిన మొదటి అవకాశం. వాడి గొంతులో నవ్వున్నా, వెనకాల భయం వినిపిస్తూనే వుంది.

అప్పుడు గుర్తొచ్చింది మా అక్కయ్య అత్తవారి ఊరు. పాలకొల్లు!

విజయనగరంలో రైలెక్కి నిడదవోలులో దిగి, అక్కణ్ణించి బస్సులో పాలకొల్లు చేరుకున్నాం. సినిమా పిచ్చి వున్నవాడు ఆ ప్రాంతంలో అడుగు పెడితే చెప్పులు విప్పి నడవాలనిపిస్తుంది. అల్లు రామలింగయ్య గారు, దాసరి నారాయణరావు గారు, కోడి రామకృష్ణ గారు ముగ్గురూ పాలకొల్లు వాళ్ళే. నరసాపురం వైపు పోతే మొగల్తూరు. కృష్ణంరాజు గారి ఊరు, చిరంజీవి గారు పుట్టిన ఊరు. నరసాపురం వై.ఎన్. కాలేజీ ముందుకి రాగానే మావాడు జీపు స్లో చేసి, "ఇక్కడే కదా బాసు బీకాం చదివాడు!" అని దణ్ణం పెట్టాడు. వాడు చదివిన కాలేజీకి కూడా వాడెప్పుడూ దణ్ణం పెట్టలేదు సుమండీ.

అన్నట్టు జీపు సంగతి చెప్పలేదు. అది మా బావగారిది. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. చెరువు గట్ల మీద తిరగడానికి కొనుక్కున్న పాత మహీంద్రా, నాలుగు చక్రాలకీ పవరొచ్చే రకం. తాళం చెవి చేతిలో పెడుతూ ఒక్కటే మాటన్నారు: "బండికి దెబ్బ తగిల్తే పర్లేదు బావా. ఉప్పునీరు మాత్రం తగలనివ్వకు. ఛాసిస్ తినేస్తది." ఈ మాట గుర్తుంచుకోండి.

నరసాపురంలో వసిష్ఠ గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం రేవు. ఇది చిన్న పేరు కాదు. కుంఫిణీ రోజుల్లో ఇక్కణ్ణించి బట్ట ఓడలకెక్కేది. ఆ బట్టకి తెల్లవాళ్ళు ఈ ఊరి పేరే పెట్టుకుని "మడపొల్లాం" అన్నారు. ఇవాళ అక్కడ ఓడలు లేవు, పంటు వుంది. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి, పైన బల్ల పరిచి, ఇంజను పెడితే పంటు. దాని మీదికి ముందు స్కూటర్లు, ఆపైన ఆటోలు, కార్లు, ఒక పాల వ్యాను, పెళ్ళివారి టెంపో ఎక్కాయి. చివర్న మా జీపు ఎక్కేసరికి పంటు ఒక పక్కకి వొంగి మళ్ళీ సర్దుకుంది. మా ప్రాణాలు సర్దుకోడానికి ఇంకొంచెం టైము పట్టింది.

"వంతెన లేదా?" అని మీరడగొచ్చు. చించినాడ దగ్గర వుంది, చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు. ఇక్కడ కూడా వంతెన వస్తుందని ముసలాళ్ళు పెళ్ళి కాకముందు నించీ వింటున్నారట. వచ్చిందాకా పంటే దిక్కు.

గోదావరి మధ్యకి రాగానే గాలి మారింది. మావాడు రెండు చేతులతో ఫ్రేము కట్టి చూస్తున్నాడు. గోదావరి మీద పడవ అంటే మన వాళ్ళకి 1964లోనే గుండెలో గుడి కట్టేశారు ఆదుర్తి సుబ్బారావు గారు, "మూగ మనసులు" తీసి. పడవ నడిపే గోపీగా అక్కినేని, రేవు దాటి కాలేజీకి వెళ్ళే అమ్మాయిగారుగా సావిత్రి, గౌరిగా జమున. మూడేళ్ళకి ఆయనే హిందీలో "మిలన్" తీస్తే అక్కడా అదే గౌరవం. 1973లో బాపు-రమణలు ఏకంగా లాంచీ మీదే "అందాల రాముడు" నడిపించారు. ఇన్ని చూసిన గోదావరికి మా జీపు ఒక లెక్కా?

పంటు సరంగు మావాడి చేతుల ఫ్రేముని చూసి, "సినిమా వోళ్ళాండీ?" అన్నాడు.

"అవునండీ."

"ఆయ్. అయితే సీకటడేలోగా వొచ్చెయ్యండి. రాత్రి బాగా పొద్దోతే పంటుండదు. సినిమా వోళ్ళయినా సరే!"

సఖినేటిపల్లిలో దిగాం. ఇక్కడొక్క నిమిషం భూగోళం చెప్పాలి. మనం "కోనసీమ" అని ఒక్క మాటలో అనేస్తాం గాని, అందులోనూ దీవులున్నాయి. గన్నవరం దగ్గర వసిష్ఠ నించి వైనతేయ చీలి విడిగా సముద్రానికి పోతుంది. ఈ రెంటి మధ్యా, కింద సముద్రం. మూడు పక్కలా నీళ్ళే! రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి అన్నీ ఈ ముక్క మీదే వున్నాయి. పాత రికార్డుల్లో దీని పేరు నగరం దీవి. దీనికి సాగునీళ్ళు ఇవ్వడానికి 1850లలో వైనతేయ మీదుగా అక్విడక్టు కట్టారు. నది మీద నది పారించడమన్నమాట. ఆ నీళ్ళ పుణ్యమే ఈ కొబ్బరి.

అంతర్వేది ఆ దీవికి చిట్టచివర. రోడ్డుకి రెండు వైపులా కొబ్బరి చెట్లు వొంగి, సూర్యుణ్ణి జల్లెడ పట్టి పంపిస్తున్నాయి. మావాడు మాట్లాడ్డం మానేశాడు. వాడు నోరు మూస్తే లొకేషన్ నచ్చిందని అర్థం.

లక్ష్మీనరసింహస్వామి తీర్థం అయిపోయి అప్పటికి వారమయింది. భీష్మ ఏకాదశికి ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. మేం వెళ్ళేసరికి పందిరి గుంజలు పీకిన గోతులు, తెగిన బూరాలు, ఒక కీలుగుర్రం మొండెం మిగిలాయి. గుళ్ళో దర్శనం చేసుకున్నాం. కొత్త రథం చూశాం. పాత రథం 2020 సెప్టెంబరులో ఒక రాత్రి తగలబడిపోయింది. ఆ మరుసటి ఏటి ఉత్సవానికి ఇది సిద్ధమయింది. చెక్క ఇంకా కొత్త చెక్కలాగే వుంది, ముసలాయన నోట్లో కొత్త పళ్ళసెట్టులాగా.

గుడి దాటి, లైట్‌హౌసు దాటి, సరుగుడు తోటల్లో పడ్డాం. అక్కడ తారు రోడ్డు అయిపోయింది, ఇసుక మొదలయింది. మావాడు లివరు లాగి నాలుగు చక్రాలూ కలిపాడు. జీపు పందిపిల్లలా గుర్రుగుర్రుమంటూ తోటలోంచి బయట పడింది.

ఏం చెప్పను! మనిషి లేడు. ఎడంపక్క ఒక తెప్ప బోర్లించి వుంది. కుడిపక్క దూరంగా, గోదారి గోధుమ రంగు నీళ్ళూ సముద్రం నీలం నీళ్ళూ కలిసే చోట ఒక గీత. దాన్నే ఇక్కడి వాళ్ళు అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. మధ్యలో ఇసుక, ఇసుక, ఇసుక. ఎర్రపీతలు మమ్మల్ని చూసి ఒక్కసారిగా కన్నాల్లోకి దూకాయి. సముద్రం ఘోషలో మిగతా ఏ చప్పుడూ లేదు. భీమిలిలో సముద్రాన్ని చూస్తాం. ఇక్కడ సముద్రం మనల్ని చూస్తుంది.

(మీరెప్పుడైనా వెళితే ఆ సంగమం దగ్గర మాత్రం స్నానానికి దిగకండి. నది లాగేది ఒక వైపు, సముద్రం తోసేది ఇంకో వైపు. ఈతొచ్చిన వాళ్ళకే ఎక్కువ ప్రమాదం. రానివాళ్ళు ఎలాగూ దిగరు గదా.)

మావాడికి పూనకం వచ్చింది. "ఇదేరా! ఇక్కణ్ణించి హీరో జీపు, అక్కణ్ణించి విలన్ల జీపులు రెండు, మధ్యలో రౌండు, కెమెరా లో యాంగిల్!" అంటూ తడి ఇసుక మీద జీపుని ఉరికించాడు. తడి ఇసుక గట్టిగానే వుంటుంది, సిమెంటు రోడ్డులాగా పోతుంది. అదే దాని మోసం. నీళ్ళ అంచున ఒక రౌండు కొట్టబోయాడు. ముందు చక్రం మెత్తటి చోట పడింది. వాడు కంగారులో ఏక్సిలేటరు తొక్కాడు. నాలుగు చక్రాలూ నాలుగు గోతులు తవ్వుకుని కూర్చున్నాయి.

దిగి చూస్తే, పది నిమిషాల క్రితం దూరంగా వున్న కెరటం ఇప్పుడు వెనక బంపరుకి నాలుగడుగుల్లో వుంది. పోటు మొదలయింది!

"ఉప్పునీరు మాత్రం తగలనివ్వకు బావా..." చెవిలో రీరికార్డింగు.

చేతుల్తో తవ్వాం. తోశాం. చొక్కాలు విప్పి చక్రాల కింద వేశాం. జీపు అంగుళం ముందుకి, రెండంగుళాలు కిందికి. సినిమాల్లో ఇలాంటప్పుడు హెలికాప్టరొస్తుంది. మాకు పల్లిపాలెం వైపు నించి ఒక తాత వచ్చాడు. భుజాన వల, నోట్లో చుట్ట.

"తొక్కకండి బాబూ, తొక్కే కొద్దీ దిగిపోద్ది. ముందు టైర్లలో గాలి తియ్యండి."

"గాలి తీసేస్తే ఎలా తాతా?"

"తీసెయ్యమనలేదు, సగానికి తియ్యమన్నాను. పాదం ఎడల్పయితే ఇసకలో దిగదు. ఒంటె పాదం సూళ్ళేదా?"

ఇంత చిన్న సంగతి! నాలుగు చక్రాల బండి ఇసుకలో నడిచే రహస్యమంతా అదే. గాలి సగానికి తగ్గించాలి, చిన్న గేరులో మెల్లగా పోవాలి, ఠపీమని తిప్పకూడదు, ఠపీమని ఆపకూడదు. తిరిగి రోడ్డెక్కాక గాలి కొట్టించుకోవాలి. తాత ఈలోగా సరుగుడు తోట వారనించి ఎండు కొబ్బరిమట్టలు ఈడ్చుకొచ్చాడు. చక్రాల కింద పరిచాం. మావాడు స్టీరింగు పైకి, తోట వైపుకి తిప్పాడు. ఎదురుగా పొడి ఇసుక దిబ్బ, దాని మీద పాతిక గజాలు పోతే గట్టి నేల. అదే దగ్గర దారి.

తాత జీపు ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"అటు వొద్దు."

"అదేంటి తాతా, వెనక నీళ్ళొచ్చేస్తున్నాయి!"

"అటు గుడ్లున్నాయి."

అప్పుడు చూశాం. నీళ్ళ దగ్గర్నించి దిబ్బ మీదికి ఒక జాడ, చిన్న ట్రాక్టరు చక్రం దొర్లినట్టు. పైన ఒక చోట ఇసుక కలిపి, చదును చేసి, మళ్ళీ అదే జాడ సముద్రంలోకి. రాత్రి వచ్చి వెళ్ళింది తాబేలు. ఆలివ్ రిడ్లే అంటారు ఈ జాతిని. చలికాలం చివర్న మన తీరాలకి వచ్చి, అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. నెలన్నర నించి రెండు నెలలకి ఇసుక వేడికే అవి పిల్లలవుతాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో దీనికి పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటిచ్చారు. ఇసుక మీద ఒక బండి చక్రం నడిస్తే మాత్రం, లోపలున్న వాటికి షెడ్యూలు తెలీదు.

మావాడు నా మొహం చూశాడు. నేను మా బావగారి మొహం ఊహించుకున్నాను. దిబ్బ మీదుగా పోతే జీపు పొడిగా బయటపడుతుంది. కింద నించి పోతే వచ్చే కెరటంలోంచి యాభై గజాలు. పైగా ఆగిపోతే అంతే సంగతులు.

"ఫారెస్టోళ్ళు వొచ్చి గుడ్లు తీసికెళ్ళి కంచెలో పెడతారు. ఈ గుంట వోళ్ళింకా సూళ్ళేదు" అన్నాడు తాత. బతిమాలలేదు, బెదిరించలేదు. అడ్డంగా మాత్రం నిలబడే వున్నాడు.

మావాడు నిట్టూర్చి స్టీరింగు కిందికి తిప్పాడు. తాతా నేనూ వెనక నించి తోశాం. ఒక కెరటం వచ్చి నా నడుం దాకా తడిపి, జీపు ఇరుసుల్ని కడిగి పోయింది. ఇంజను ఒకసారి దగ్గింది. నా గుండె ఆగింది, అది ఆగలేదు. మట్టల మీద చక్రం పట్టు దొరికింది. కదిలిన తరవాత మావాడు వెనక్కి చూడకుండా, యాభై గజాలూ నీళ్ళలోనే పోనిచ్చి, తెప్ప దగ్గర గట్టెక్కాడు.

తాత చుట్ట మాత్రం తడవలేదు. అదెలా సాధ్యమో ఇప్పటికీ తెలీదు.

తరవాత ఆయన మమ్మల్ని నడిపించుకెళ్ళి ఇంకో రెండు జాడలు చూపించాడు. దారిలో రెండు చచ్చిన తాబేళ్ళు కూడా కనిపించాయి, డొప్పలు ఉబ్బి. "మీ వలల్లో పడేనా?" అని మావాడు కాస్త కటువుగానే అడిగాడు. తాత దాచలేదు. "పడతాయి బాబూ. చిన్న వలయితే కోసి వొదిలేత్తాం. మరబోటు వల గంటల తరబడి కిందే వుంటది. అది పైకొచ్చి ఊపిరి తీసుకోవాల గదా. తీసుకోలేక పోద్ది." ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా మరబోట్ల వేటకి సెలవు. కాని తాబేలు అంతకు ముందే వస్తుంది.

"మార్చిలో మా షూటింగు తాతా, మూడు జీపులు" అన్నాడు మావాడు, నసుగుతూ.

"గుడ్లు మేదాకా వుంటాయి."

"రాత్రి లైట్లు కూడా పెడతాం..."

"పిల్లలు ఎలుగున్న వేపు నడుత్తాయి బాబూ. సముద్రం తెల్లగా వుంటదని అటెల్తాయి. మీ లైటు ఇంకా తెల్లగా వుంటే మీ కాడికొత్తాయి."

మావాడు ఇక ఏమీ అడగలేదు. జేబులోంచి డబ్బు తీయబోతే తాత వద్దన్నాడు. "పేరు సెప్పండి, సినిమాలో వేత్తాం" అంటే మాత్రం నవ్వాడు, కాని చెప్పలేదు.

సఖినేటిపల్లిలో ఒక కుళాయి దగ్గర జీపుని మంచినీళ్ళతో అరగంట కడిగాం. అడుగున పడుకుని మరీ కడిగాం. (మా బావగారు పత్రికలు చదవరు. అక్కయ్య చదువుతుంది. అక్కా, ఈ పేజీ చింపెయ్యవే!) గాలి కొట్టించుకుని రేవుకి పరిగెత్తేసరికి చీకటి పడింది. సరంగు మమ్మల్ని చూసి తాడు విప్పబోయినవాడు ఆగాడు.

"తడిసిపోయారేంటండీ? సీనులో యాక్టు సేసేరా?"

పంటు మీద ఈసారి బళ్ళు తక్కువ. మా జీపు, రెండు స్కూటర్లు, కొబ్బరికాయల వ్యాను. నది నల్లగా వుంది. అవతల నరసాపురం దీపాలు నీళ్ళలో పొడుగ్గా సాగి ఊగుతున్నాయి. మావాడు చాలాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ఆపైన డైరెక్టరుకి ఫోను చేశాడు. బీచి దొరికిందన్నాడు. అందులో జీపులు దించలేమన్నాడు. ఎందుకో చెప్పాడు. అవతల్నించి ఏం వినిపించిందో నాకు తెలీదు గాని, మావాడి మొహం మూడు నాలుగు రంగులు మారింది. "గోవా అయితే నేను లేనండీ" అని కూడా అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంత ఖర్చయిందో నాకు తెలుసు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఇంజను డుగుడుగు మాత్రమే. వ్యాను మీంచి ఒక కొబ్బరికాయ జారి, పంటు బల్ల మీద దొర్లుకుంటూ వచ్చి మా జీపు చక్రానికి తగిలి ఆగింది.

ఫోనులో డైరెక్టరు గొంతు ఈసారి నాక్కూడా వినిపించింది.

"సరేగాని, ఆ పంటు మీద ఎన్ని జీపులు పడతాయి?"

మావాడు వెనక్కి తిరిగి, చేతుల్తో ఫ్రేము కట్టి, ఒక కన్ను మూసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.